జ్ఞానం సారు అడగలేకపోయిన సందేహం

మా రాతి గుడి గంట తాడు రెండు చేతులతో పట్టుకుని చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. మా ఊళ్ళో తగువు తెగకపోతే మనిషి చేత ఆ తాడు పట్టిస్తారు. అబద్ధం చెప్పేవాడి చేతుల్లో అది దానంతటదే వణికి గంట మోగుతుందని నమ్మకం. నేను ఇప్పటికి పదకొండుసార్లు పట్టుకున్నాను, ఒక్కసారి కూడా మోగలేదు. దీన్నిబట్టి మా ఊరివాళ్ళు చాలాకాలంగా ఆ గంటను అనుమానిస్తున్నారు. నన్ను అనుమానించడం వాళ్ళకు అలవాటు కాబట్టి దాన్ని ప్రత్యేకంగా చెప్పుకోరు.

మొన్న ఎండలు ముదరకముందు ఆ గుడిలో ఒక తత్వవేత్త రాసిన ప్రేమలేఖలు చదివారు. కుందూ నది పక్కన నల్లరేగడి నేలలో, తెల్లదొరలు ఎప్పుడో కట్టించి వెళ్ళిన క్రైస్తవుల గుడి అది. కడప బండల నేల, మూరెడు మందం గోడలు, మగవాళ్ళకు ఒక తలుపు, ఆడవాళ్ళకు ఒక తలుపు, రెండు తలుపులకూ చెందని గబ్బిలాలు. తత్వవేత్త మా ఊరి మనిషే. జ్ఞానప్రకాశం సారు. కడపలో కొంతకాలం, ఆ తర్వాత కర్నూల్లో తత్వశాస్త్రం చెప్పాడు. సందేహం అన్న విషయం మీద ఒక పుస్తకం రాశాడు, ఆ పుస్తకం మీద సందేహం వచ్చి ఇంకో పుస్తకం రాశాడు. పోయిన ఏడు కర్నూల్లోనే కన్నుమూశాడు. పెళ్ళి చేసుకోలేదు. ఆయన తమ్ముడి కూతురు మల్లిక, కాలేజీలో పాఠాలు చెబుతూ నాటకాలు వేయించే పిల్ల, ఆయన ట్రంకుపెట్టె తెరిస్తే పన్నెండు కవర్లు బయటపడ్డాయి. అన్నింటికీ స్టాంపులు అంటించి ఉన్నాయి. ఒక్కటీ పోస్టులో వేయలేదు. డబ్బాలో వేసిన ఉత్తరం చేరుతుందనడానికి ఆధారమేమిటి అని అడిగే మనిషి ఆయన. కవర్ల మీద చిరునామా మా మేనత్తది. శ్రీమతి కాదు, కుమారి సుగుణమ్మ, ఉపాధ్యాయిని.

ఆ ఉత్తరాలను ఆయన పుట్టిన ఊళ్ళో, ఆయన జ్ఞానస్నానం పొందిన గుడిలో, దీపం పెట్టి బల్ల వేసి నాటకంలాగా చదివించాలని మల్లిక పట్టుబట్టింది. సంఘ పెద్దలు కూర్చున్నారు. అందరికంటే పెద్దవాడు యోసేపు తాతకు మొదటినుంచే నచ్చలేదు.

“ప్రేమ ఉత్తరాలు గుడిలో చదివేదేంది పాపా? ఆయప్ప గుడికి వచ్చిందే సందేహపడేదానికి.”

“దాంట్ల ఏమన్నా అదీ ఇదీ ఉండాదా?” అన్నాడు పాస్టరయ్య, మల్లిక వైపు చూడకుండా.

“అదీ ఇదీ అంటే?”

“అదేమ్మా. అదీ, ఇదీ.”

నేను అడ్డం పడ్డాను. “ఏమీ లేదు పాస్టరయ్యా. ఒకదాంట్లో మోటారు పంపు గురించి రెండు పేజీలు ఉన్నాయి.”

“మోటారు పంపా?” యోసేపు తాత కళ్ళు చిన్నవి చేశాడు. “ఆడమనిషికి రాసిన ఉత్తరంలో మోటారు పంపా? దాని ఎనక ఏందో ఉండాది.”

చివరికి ఆయన అడ్డుపుల్ల వేరేచోట వేశాడు. మా గుడిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు పెళ్ళికొడుకు పేరూ పెళ్ళికూతురు పేరూ కలిపి చదువుతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పవచ్చు. దాన్నే ప్రకటన అంటాం. “ఈ గుడిలో మొగమనిషి పేరు, ఆడమనిషి పేరు కలిపి చదివినారంటే అది ప్రకటన కిందికే వస్తాది,” అన్నాడాయన. “సుగుణమ్మ పేరు చదవగాకండి.” పెద్దలందరూ నెమ్మదిగా తలలు ఊపారు. వాళ్ళు ఎందుకు తలలు ఊపారో తెలియాలంటే ముప్పై అయిదేళ్ళు వెనక్కి పోవాలి.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. డిగ్రీలో ఉన్నాను, అంటే పేరు అక్కడ ఉండేది. నన్ను బాగుచేయమని మా నాయన తన చెల్లెలి ఇంట్లో పెట్టాడు. సుగుణత్త బోర్డింగు స్కూల్లో టీచరు, గుడి కాంపౌండులో రెండు గదుల ఇల్లు. ఆ ఇంటి పొద్దు రొట్టె చప్పుడుతో మొదలయ్యేది. జొన్నపిండి ముద్దను పీట మీద అరచేత్తో కొడుతూ తిప్పుతూ ఉంటే ఆ తాళానికే నాకు మెలకువ వచ్చేది, మాడిన పిండి వాసనకు ఆకలి వేసేది. కిరసనాయిలు పొయ్యి, ఎర్రసిరా, శనివారం సాయంత్రం నీలిమందు, ఇత్తడి చెంబులో నిప్పులు వేసి ఆదివారం చీర మీద నడిపితే వచ్చే వేడి గుడ్డ వాసన, ఇవన్నీ కలిపితే అత్త. ఆమె మాట తక్కువ. నా కాంపోజిషన్లు దిద్దుతూ మార్జిన్లో “నిజమా?” అని రాసేది. ఎండకు గుడి గంట మెత్తబడి ఆ ఆదివారం కుండ మోగినట్టు మోగిందని ఒకసారి రాస్తే, “నిజమా?” కింద రెండు గీతలు కొట్టింది. ఆ కాగితం చాలాకాలం దాచుకున్నాను. నాకు అప్పటికి అంతకంటే పెద్ద మెప్పు రాలేదు.

సాయంత్రం ఐదింటికి జ్ఞానం సారు వచ్చేవాడు. అప్పుడాయన కడపలో పనిచేస్తూ, సెలవులన్నీ ఊళ్ళో గడిపేవాడు. మెట్టు మీద కూర్చోబోయే ముందు మెట్టును కాలితో తట్టి చూసేవాడు, అది మెట్టేనా అని. పెళ్ళికాని ఆడమనిషి ఇంటికి మగమనిషి వస్తే మూడో మనిషి ఉండి తీరాలన్నది కాంపౌండు కట్టుబాటు. ఆ మూడో మనిషిని నేను. చేతిలో ఒక పుస్తకం పెట్టుకుని తలకిందులుగా పట్టుకునేవాణ్ణి.

“ఇప్పుడు ఐదైందని ఎవరు చెప్పినారు సుగుణమ్మా?”

“గడియారం సార్.”

“దానికెవరు చెప్పినారు?”

“మీరొచ్చినారు గదా. మిమ్మల్ని చూసి అది ఐదు కొట్టింది.”

ఆయన నవ్వేవాడు కాదు, ఆ జవాబును రెండు వైపులా తిప్పి చూసేవాడు. అది ఆయన నవ్వడం. ఎండాకాలం ఆయన మామిడిపళ్ళ బుట్ట తెచ్చేవాడు. తెచ్చి, ఇవి బనగానపల్లెవని అమ్మినవాడు అన్నాడే గానీ రుజువు చూపించలేదని దిగులుపడేవాడు. “తినండి సార్, నాలుకకు సందేహాలు తక్కువ,” అనేది అత్త. ఆమె అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం నేను ఆ సాయంత్రాల్లోనే విన్నాను. టీ గ్లాసు ఇచ్చేటప్పుడు ఇద్దరి వేళ్ళూ తగలకుండా ఆ గ్లాసు చేతులు మారేది. అంత జాగ్రత్తగా తగలకుండా ఉండాలంటే ఇద్దరికీ అదే ధ్యాస ఉండాలని నాకు ఇప్పుడు తెలుస్తోంది.

మధ్యలో నేను కథలు చెప్పేవాణ్ణి. మా తాత నల్లమలలో ఒక చిరుతకు రోజూ జొన్నరొట్టె పెట్టి దానిచేత మాంసం మాన్పించాడని చెప్పాను.

“సాక్షి?” అన్నాడు సారు.

“మా తాత.”

“ఇంకో సాక్షి?”

“చిరుత.”

“ఆధారం చాలదప్పా,” అని టీ తాగేశాడు. ఊళ్ళో అందరూ నా కథలకు నవ్వేవాళ్ళు, తిట్టేవాళ్ళు, కొందరు పాపం నమ్మేవాళ్ళు. ఈయన ఒక్కడు మాత్రం ప్రతిదాన్నీ పద్ధతిగా పరీక్ష చేసి, మర్యాదగా తిరిగి నా చేతిలో పెట్టేవాడు. ఆ మర్యాద నన్ను మండించేది.

రెండేళ్ళ తర్వాత, ఏ రుజువు దొరికిందో ఏమో, సారు పెళ్ళి మాట అడిగించాడు. మా నాయనకు ఇష్టం లేదు. సెంటు భూమి లేని మనిషి, పైగా దేవుణ్ణి కూడా ప్రశ్నలడిగే రకం అని ఆయన గొణుగుడు. అయినా అత్త సరేనంది. మొదటి ఆదివారం ప్రకటన చదివారు. రెండో ఆదివారం చదివారు. మూడో ఆదివారం చదివి, అప్పటి పాస్టరయ్య “అభ్యంతరం గలవారు ఇప్పుడే లేచి చెప్పవలెను” అన్నాడు. అక్కడ కొంచెంసేపు ఆగాలి. ఆ ఆగడంలో పిల్లలు దగ్గుతారు, తల్లులు గిల్లుతారు. మగవాళ్ళ వైపు నుంచి పెళ్ళికొడుకు లేచాడు.

“నాకొక సందేహం ఉంది,” అన్నాడు.

ఆ గుడి పుట్టినప్పటినుంచి ఏవో అభ్యంతరాలు వచ్చాయి. పక్క ఊళ్ళో మొదటి పెళ్ళాం ఉందని ఒకసారి, తీసుకున్న బర్రెను తిరిగివ్వలేదని ఒకసారి. పెళ్ళికొడుకే లేవడం ఎవరూ ఎరగరు. పాస్టరయ్య ఆరాధన పద్ధతి పుస్తకం తిరగేశాడు, సందేహం వస్తే ఏం చేయాలో అందులో లేదు. ఆయన పేజీ దొరకబుచ్చుకునేలోపు మా నాయన లేచి, “నా చెల్లెల్ని అనుమానిస్తాండాడు సూడండి వీడు!” అని అరిచాడు. మగవాళ్ళంతా లేచారు. సారు రెండుసార్లు నోరు తెరిచాడు, రెండుసార్లూ ఎవరో ఆయన భుజం పట్టుకుని లాగారు. పొద్దస్తమానం అందర్నీ ప్రశ్నలడిగిన మనిషిని ఆ రోజు ఒక్కరూ, ఏమప్పా నీ సందేహం అని అడగలేదు. నాయన అత్త చెయ్యి పట్టుకుని ఆడవాళ్ళ తలుపులోంచి బయటికి తీసుకుపోయాడు. సారు మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కర్నూల్లో ఉద్యోగం. ఊరికి మళ్ళీ రాలేదు.

అత్తకు మిగిలింది ఆ సందేహం. ఏమై ఉంటుంది? ఊరు తలా ఒకటి చెప్పింది. కర్నూల్లో ఇంకో ఆడమనిషి ఉందన్నారు, అత్త వయసు దాచిందన్నారు. నేను కూడా నాలుగైదు కారణాలు పుట్టించి పంచిపెట్టాను, ఊరికే ఉండలేక. అత్త మాత్రం మా నాయన్ని అనుమానించింది. ఇష్టంలేని పెళ్ళి చెడగొట్టడానికి సారు చెవిలో అన్నే ఏదో వేశాడని ఆమె లెక్క. నాయన పోయేదాకా ఆయనతో క్రిస్మస్ నాడు తప్ప మాట్లాడలేదు. ఆయన సమాధి దగ్గర కూడా ఆమె ముఖంలో ప్రశ్న అట్లాగే ఉంది.

ఇప్పుడు అర్థమవుతుంది, పన్నెండు కవర్లు దొరికాయని మల్లిక ఫోన్ చేసినప్పుడు అత్త ఎందుకు కుర్చీ పట్టుకుని నిలబడిందో. మల్లిక వాటిని ఆమెకే ఇవ్వబోయింది. అత్త పుచ్చుకోలేదు.

“గుడిలో లేచినాడు, గుడిలోనే చెప్పనీ,” అంది. “నా పేరు యాల దాయాల? చదవమను. నేను ముందర కూసుంటా.”

సారు దస్తూరి కోడి గీకినట్టుంటుంది. అది చదవగలిగినవాణ్ణి నేను ఒక్కణ్ణే కాబట్టి, శుభ్రంగా తిరగరాసి ఇమ్మని మల్లిక ఆ ఉత్తరాలు పెద్దలు కూర్చోకముందే నాకు అప్పజెప్పింది. ఆ సంగతి తెలిసి అత్త నావైపు చాలాసేపు చూసింది. “రేయ్ ప్రసాదా,” అంది, “ఉన్నది ఉన్నట్టు రాయి. నీ మసాలా కలిపినావంటే నాకు తెలుస్తాది.” “దేవుడి తోడత్తా,” అన్నాను. “ఆయన్ను తేవద్దులే,” అంది.

చదవడానికి మల్లిక ఓబులేసును పిలిపించింది. పద్యనాటకాల్లో ముప్పై ఏళ్ళు దుర్యోధనుడు వేసిన మనిషి, గొంతు గుడి గోడల్ని పరీక్షించేంత. హార్మోనియం వద్దంటే ఆయన బెంగపడ్డాడు. “శ్రుతి లేకుండా ప్రేమ ఎట్ల చెప్పాలమ్మా?” అని మూడుసార్లు అడిగాడు. నాలుగింటికి గుడి నిండిపోయింది. మగవాళ్ళు మగవాళ్ళ వైపు, ఆడవాళ్ళు ఆడవాళ్ళ వైపు కూర్చుని ఒకరి ముఖాలు ఒకరు అనుమానంగా చూసుకుంటున్నారు. యోసేపు తాత మోటారు పంపు కోసం చెవి రిక్కించి ముందువరసలో ఉన్నాడు. పాస్టరయ్య ప్రార్థన చేసి, “జ్ఞానప్రకాశం గారు సుగుణమ్మ గారికి రాసిన...” అని మొదలుపెట్టాడు. రెండు పేర్లు కలిసేసరికి అలవాటు నోరు ఆగలేదు. “అభ్యంతరం గలవారు ఇప్పుడే లేచి...” అని నాలుక కరుచుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. అందరూ అత్తవైపు చూశారు. ఆమె నీలిమందు పెట్టిన తెల్లచీరలో, ఒళ్ళో చేతులు పెట్టుకుని, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు కూర్చుంది.

ఓబులేసు మొదటి ఉత్తరం తీశాడు. “సుగుణా, ఈ ఏడు తుంగభద్ర ఎండిపోయింది. రాళ్ళ మీద ఎవరో బట్టలు ఆరేశారు. వాటిలో నీ చీర రంగు ఒకటి కనిపించింది. అది నీది కాదని నాకు తెలుసు. ఇంత ఖచ్చితంగా తెలిసిన సంగతి నా జీవితంలో ఇది ఒక్కటే. ఇది నాకు నచ్చలేదు.” ఆ గొంతు, దుర్యోధనుడి గొంతే, ఎక్కడో తగ్గింది. మోటారు పంపు ఉత్తరం వచ్చింది. అద్దె ఇంట్లో పంపు తెల్లారి ఆగి ఆగి మోగుతుందట, ఆ చప్పుడు వింటూ కళ్ళు మూసుకుంటే రొట్టె కొడుతున్న చప్పుడని రెండు నిమిషాలు నమ్మగలుగుతున్నాడట, రెండు నిమిషాల నమ్మకం తన వంటివాడికి ఎక్కువేనట. యోసేపు తాత తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. “చెప్పలేదా నేను, దాని ఎనక ఏందో ఉండాదని,” అన్నాడు పక్కవాడితో.

ఏడో ఉత్తరం వచ్చింది. “సుగుణా, ఆ రోజు గుడిలో నేను అడగబోయిన సందేహం ఇది. పెళ్ళయితే నేను నీ ఇంటికి వచ్చే మనిషిని కాను, ఇంట్లో ఉండే మనిషినవుతాను. అప్పుడు సాయంత్రం ఐదింటికి నువ్వు ఎవరికోసం ఎదురుచూస్తావు?”

అత్త లేచింది.

“ఇంతేనా?” అంది.

ఓబులేసు కాగితం దించాడు.

“ఇంతేనా సారూ? ఈ మాటకా ముప్పై మూడేండ్లు? మెట్టు మీద అడిగింటే అప్పుడే చెప్పనా? నువ్వు ఇంట్లో ఉంటే మాత్రం, ఐదింటికి బయటికి పోయి మళ్ళా తలుపు కొట్టు అనుంటా గదా. గుడిలో లేయాల్నా దానికి?”

ఓబులేసు జవాబు కోసం కాగితం చూశాడు. అది కాగితంలో లేదు. ముప్పై ఏళ్ళు మయసభలో పరాభవాలు పడిన మనిషి, కుర్చీలోంచి లేచి రెండు చేతులూ జోడించి, “తప్పయిపోయింది తల్లీ,” అన్నాడు. ఆడవాళ్ళ వైపు ఒకరు మొదలుపెడితే మగవాళ్ళ వైపు దాకా వచ్చింది ఏడుపు. అత్త ఒక్కతే ఏడవలేదు. “కూసోండి. మిగిలినవి చదవండి,” అంది, క్లాసులో అన్నట్టు.

ఇంటికి వచ్చాక ఆమె చేట ముందు పెట్టుకుని శనక్కాయలు వలుస్తూ, తల ఎత్తకుండా అడిగింది. “ఆ ఏడో ఉత్తరం సారు రాసిందేనా?”

“ఆయనే అత్తా.”

“సారు ప్రశ్న వేస్తే దానికి మూడు కొమ్మలుంటాయి. దీనికి ఒకటే ఉండాది.”

“వయసు పైబడింది గదా.”

ఆమె ఇంకో కాయ చిట్లించింది. “పాపం మీ నాయన,” అంది చివరికి. “ఊరికే అనుమానించినా. ఆయన ఏమీ చెప్పలే. ఎవరూ ఏమీ చెప్పలే. ఆయప్పకు ఆయప్పే అడ్డం.” మర్నాటినుంచి ఆమె సాయంత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. ఇన్నేళ్ళూ ఆ వేళకు తలుపు మూసుకునేది. దారిన పోయేవాళ్ళతో మాట్లాడుతోంది. నిన్న యోసేపు తాతను ఆపి, ఆయన పళ్ళసెట్టు ఎవరు చేశారో రుజువులతో సహా చెప్పమని అడిగింది.

ఇప్పుడు మా ఊళ్ళో ప్రతి చేతిలో ఫోను ఉంది. పాలల్లో ఏం కలుపుతున్నారో, శ్రీశైలం డ్యాం ఎప్పుడు పగులుతుందో, ఎవరు ఎవరితో లేచిపోయారో అన్నీ అందులో వస్తున్నాయి, అన్నింటినీ నమ్మేస్తున్నారు. నావంటివాడికి పని లేకుండా పోయింది. ఆ రోజుల్లో ఒక అబద్ధాన్ని ఊరి ఈ చివరనుంచి ఆ చివరకు చేర్చాలంటే చెమట పట్టేది, ప్రతి గడప దగ్గరా ఎవరో ఒకరు ఆపి ప్రశ్న వేసేవాళ్ళు. ఆ ప్రశ్నలే నన్ను తీర్చిదిద్దాయి. సారు ఉండుంటే ఒక్కొక్క ఫోనూ తీసుకుని “సాక్షి?” అని అడిగేవాడు. అందరూ ఆయన్ని చాదస్తం అనేవాళ్ళు. ఆయన ఎప్పుడూ ఎవర్నీ సులువుగా నమ్మలేదని నేను చాలాకాలం, మొన్న ఆ ట్రంకుపెట్టె ఉత్తరాలు నా బల్ల మీదికి వచ్చేదాకా, నమ్ముతూ వచ్చాను.

మల్లిక ఆ పన్నెండు ఉత్తరాలనూ పుస్తకంగా వేస్తానంటోంది. అందుకని ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పి తీరాలి. పదకొండు ఉత్తరాలు సారువి, ఒక్క అక్షరం ముట్టలేదు. ఏడోది నాది. అసలు ఏడో ఉత్తరం నా బీరువాలో ఉంది. దాంట్లో ఇట్లా ఉంది: “సుగుణా, నేను అడగబోయింది ఒక్కటే. నంద్యాలలో ఒకాయన నీకోసం ఎదురుచూస్తున్నాడని, నీ మనసు అక్కడుందని, అన్నకు భయపడి చెప్పలేక నాకు ఒప్పుకున్నావని ప్రసాదు అన్నాడు. ఆయన రాసిన పోస్టుకార్డు కూడా చూపించాడు. ఇది నిజమా, నిజమైతే నేను మీకు అడ్డమా, అడ్డమైతే ఎట్లా తప్పుకోవాలి? వాడు ఆధారం తేవడం ఇదే మొదటిసారి.”

ఆ కార్డు నేను ఎడమచేత్తో రాశాను. రెండో ప్రకటన అయిన మరునాడు చూపించాను. సారు దాన్ని అటూ ఇటూ తిప్పి, ఎప్పటిలాగే “ఆధారం చాలదప్పా” అని టీ తాగాడు. అది కూడా పోయిందనుకున్నాను. గుడిలో ఆయన లేచినప్పుడు కూడా నాకు తట్టలేదు. నా కథల్లో ఒక్కటైనా ఆయన నమ్మితే చాలని ఉండేది నాకు, అంతకుమించి ఆ వయసులో నాకు వేరే ఉద్దేశం లేదు. నమ్మాడు.

ఈ కాగితాలు అచ్చుకు పోకముందు, అసలు ఉత్తరంతో కలిపి, నీ చేతికే ఇస్తున్నాను. మా నాయన ఏమీ చెప్పలేదు, అది నిజం. నంద్యాలలో ఎవరూ లేరత్తా. ఎప్పుడూ లేరు.